డిశ్చార్జి తర్వాతే అసలు వైద్యం



మిరప కోతలు మొదలైతే మా ఆసుపత్రికి రెండు రకాల మనుషులు ఎక్కువగా వస్తారు. ఘాటుకు కళ్లు వాచి, చేతులు మండి, దగ్గుకుంటూ వచ్చే కూలీలు ఒక రకం. రెండో రకం మనుషులు తమంతట తాము రారు. ఎవరో ఒకరు జాలిపడి తెస్తే వస్తారు. ఈసారి ఆ రెండో రకం వారి గురించి రాస్తున్నాము.

2019 మార్చి నెలలో ఒక సాయంత్రం భద్రాచలం బస్టాండు దగ్గర తిరుగుతున్న ఒక మనిషిని ఒక కానిస్టేబులు, ఒక ఆటో డ్రైవరు కలిసి మా దగ్గరికి తెచ్చారు. వయసు ముప్పై లోపే. జుట్టు జడలు కట్టింది. ఒంటిమీద చొక్కా బదులు యూరియా సంచి. ఎడమ మడమ మీద పుండు, అందులో పురుగులు. మా నర్సులు ముక్కుకు గుడ్డ కట్టుకొని, టర్పెంటైన్ నూనె పోసి, ఒక్కొక్క పురుగునూ తీశారు. అతను ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. కేసు షీటు మీద డ్యూటీ నర్సు "అర్థంలేని మాటలు" అని రాసింది. ఆ రాత గురించి తర్వాత చెబుతాము. అతని పేరు, ఊరు ఇక్కడ రాయం. వార్డులో అందరం "తమ్ముడు" అని పిలిచాము, ఇక్కడా అదే పేరు.

ఇలాంటి మనిషిని చూడగానే "పిచ్చివాడు" అని ఒక్కమాటలో తేల్చేస్తారు. ఆ మాట ఎవరికీ మర్యాద కాదు. అంతకన్నా ముఖ్యం, చాలాసార్లు అది తప్పు కూడా. మన అటవీ ప్రాంతంలో మతి తప్పి మాట్లాడే మనిషికి మొదట చేయవలసినది రక్తపు చుక్కతో మలేరియా పరీక్ష. ఫాల్సిపారం మలేరియా మెదడుకు ఎక్కితే మనిషి కేకలు వేస్తాడు, బట్టలు చింపుకుంటాడు, పట్టుకోబోయిన వారిని కొడతాడు, ఆ తర్వాత స్పృహ తప్పుతాడు. ఇంట్లోవారు గాలి సోకిందని వడ్డె దగ్గరికి మోసుకుపోతారు. అక్కడ రెండు రోజులు గడిస్తే ప్రాణమే దక్కదు. అందుకని మలేరియా, తర్వాత రక్తంలో చక్కెర, తలకు దెబ్బ ఉందా, మెడ బిగుసుకుందా, ఇవన్నీ చూసిన తర్వాతే మానసిక జబ్బు అన్న ఆలోచన.

ఇంట్లో మీరు గుర్తుపట్టగల తేడా ఒకటుంది. నిన్నటిదాకా బాగున్న మనిషి గంటల్లో, రోజుల్లో మారిపోయి, ఉదయం కాస్త తెలివిగా, రాత్రికి మరీ అయోమయంగా ఉంటూ, తానెక్కడున్నాడో, ఇది పగలో రాత్రో చెప్పలేకపోతే అది ఎక్కువగా శరీరపు జబ్బు. అదే రోజు ఆసుపత్రికి తేవాలి. స్కిజోఫ్రేనియా వంటి మానసిక జబ్బు అలా కాదు, సాధారణంగా నెలల తరబడి మెల్లగా వస్తుంది. నిద్ర తగ్గుతుంది, పని మానేస్తాడు, మూల కూర్చుంటాడు, ఎవరో తనను చంపడానికి చూస్తున్నారంటాడు, పక్కన ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తున్నాయంటాడు. ఇంత జరుగుతున్నా తన పేరు, ఊరు, ఈ రోజు సంత ఉందా లేదా అన్నది చెప్పగలుగుతాడు.

తమ్ముడికి మలేరియా లేదని తేలింది. కాని రెండో రాత్రి చేతులు వణకడం మొదలైంది. ఒళ్లంతా చెమట. దుప్పటి మీద చీమలు పాకుతున్నాయని దులుపుతూనే ఉన్నాడు. ఇది మాకు తెలిసిన జబ్బే. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే, ఆపిన మొదటి రోజులోనే వణుకు వస్తుంది. రెండు రోజుల లోపు ఫిట్సు రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరిలో మతి పూర్తిగా చెదిరి, లేని పురుగులు, పాములు కనబడతాయి. ఈ చివరి స్థితికి వైద్యం చేయకపోతే చనిపోయే ప్రమాదముంది. తర్వాత విచారిస్తే, గుడుంబా అమ్మే ఒక ఇంట్లో తమ్ముడు గ్లాసులు కడిగేవాడని, కూలీ కింద సగం అన్నం, సగం గుడుంబా ఇచ్చేవారని తెలిసింది.

ఇక్కడ తాగుడు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మా పాత డోర్నకల్ బిషప్ అజరయ్యగారు పల్లె సంఘాలలో మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగింటినీ ఒకే వరుసలో పెట్టి పోరాడమని బోధించారు. తాగుడును విడిగా కాక, ఆ మిగతా మూడింటి మధ్యలో చూడడం వారి అనుభవం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం తెచ్చింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో ఎత్తివేశారు. ఆ తల్లులు చేసింది గొప్ప పని. అయితే దుకాణం మూసినంత మాత్రాన తాగే మనిషి దేహం ఆ రోజునుంచే మామూలు కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మద్యం దుకాణాలన్నీ ఒక్కసారిగా మూసినప్పుడు ఇది అందరికీ తెలిసింది. వారం తిరగకముందే హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు వణుకుతున్న మనుషులు, ఫిట్సు వచ్చినవారు, వారిని పట్టుకొని భార్యలు, తల్లులు బారులు తీరారు. మా వార్డులోనూ ఆ రోజుల్లో మంచాలు చాలలేదు.

కాబట్టి రోజూ తాగే మనిషి మానేస్తానంటే సంతోషించండి, కాని ఇంట్లో గది వేసి గడియ పెట్టవద్దు. వణుకు, ఫిట్సు రాకుండా తగ్గిస్తూపోయే మందులు అయిదు నుంచి ఏడు రోజులు ఇస్తాము. థయమిన్ అనే బి-1 విటమిన్ ఇంజక్షను గ్లూకోజు సీసా ఎక్కించకముందే పడాలి. బాగా తాగేవారిలో ఆ విటమిన్ అడుగంటి ఉంటుంది. ముందు గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గర "నీరసానికి సెలైన్" పెట్టించుకునే ముందు ఈ మనిషి తాగుతాడని తప్పక చెప్పండి.

ఇంకొక మాట. "తాగేవారికి తెలియకుండా కూరలో కలిపే మందు" అని గోడలమీద ప్రకటనలు చూస్తుంటారు. అలాంటి పొడుల్లో డైసల్ఫిరామ్ ఉంటే, అది తిన్న మనిషి తాగాడంటే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోయి చనిపోవచ్చు కూడా. ఆ మందు చెడ్డది కాదు. మనిషికి చెప్పి, అతను ఒప్పుకొని, డాక్టరు పరీక్ష చేసిన తర్వాత ఇచ్చేది. భర్త మీద ప్రేమతోనే కూరలో కలిపి, ఆ తర్వాత మా వరండాలో గుండెలు బాదుకున్న ఇల్లాలిని మేము చూశాము. ఆ మనిషి బతికాడు. కాని ఆ ఇంట్లో ఆమె వండిన కూర అతను చాలాకాలం ముట్టలేదట.

తమ్ముడి వణుకు ఆరు రోజులకు తగ్గింది. మాటలు మాత్రం తగ్గలేదు. గోడవైపు తిరిగి కోపంగా జవాబులు చెప్పేవాడు. అతనికి వినిపించే గొంతులు తాగుడువల్ల వచ్చినవి కావని, అంతకుముందునుంచీ ఉన్నవని డాక్టరుగారు నిర్ధారించారు. ముందు జబ్బు వచ్చింది. గొంతుల బాధ మరిచిపోవడానికి తాగాడు. తాగి, తిరిగి, తోటివారినుంచి తప్పిపోయాడు. రోడ్డున పడ్డాక చలికి, ఆకలికి, భయానికి మళ్లీ తాగాడు. ఈ మూడూ ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. తాగుడుకొక చోట, మానసిక జబ్బుకొక చోట, తలదాచుకోవడానికి మరొక చోట తిప్పితే అలాంటి మనిషి ఏ చోటికీ రెండోసారి వెళ్లడు.

"అర్థంలేని మాటలు" అన్న రాత సంగతి ఇప్పుడు చెబుతాము. తొమ్మిదో రోజు ఉదయం గది తుడుస్తున్న మా ఆయమ్మ చీపురు పక్కన పెట్టి అతని మంచం దగ్గర కూర్చుంది. ఆమె కోయ ఇంటి ఆడబిడ్డ. "ఇతను పిచ్చిగా మాట్లాడటం లేదమ్మా, మావాళ్ల మాటే, గట్టు అవతలివాళ్ల మాట. ఎడ్లు ఎవరు తోలుకుపోయారని అడుగుతున్నాడు" అన్నది. తొమ్మిది రోజులు! తెలుగు రాని మనిషి తన భాషలో తన ఎడ్ల గురించి అడుగుతుంటే మేము దాన్ని రోగ లక్షణంగా రాసుకున్నాము. అందులో కొంత జబ్బు ఉన్నమాట నిజమే, గోడతో మాట్లాడడం జబ్బే. కాని మేము విననందువల్ల జబ్బు ఏది, మాట ఏది అన్నది తెలియకుండా పోయింది. ఆ రోజునుంచి కొత్తగా వచ్చిన ఏ మనిషి కేసు షీటులోనైనా మొదటి ప్రశ్న, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అన్నది.

భాష తెలిశాక ఇల్లు దొరకడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఛత్తీస్‌గఢ్ వైపు పల్లెలనుంచి ప్రతి ఏటా మిరప కోతలకు మన జిల్లాలకు గుంపులుగా కూలీలు వస్తారు. వారిని తెచ్చే మేస్త్రీలు ఒకరికొకరు తెలుసు. ఒక మేస్త్రీ ద్వారా కబురు వెళ్లింది. తల్లి, మేనమామ వచ్చారు. ఏడాదిన్నరగా కొడుకు చనిపోయాడనుకొని ఆ తల్లి కర్మకాండ కూడా జరిపించిందట. కొడుకు క్షవరం చేయించుకొని, ఆసుపత్రి చారల చొక్కా వేసుకొని కూర్చున్నాడు. ఆమె దగ్గరికి రాలేదు, గుమ్మం దగ్గరే కూలబడింది. వార్డంతా ఏడ్చాము. సంతోషంగా పంపించాము. మా ఆసుపత్రి ప్రార్థనలో సాక్ష్యం కూడా చెప్పుకున్నాము.

నాలుగు నెలలకు అతను మళ్లీ దొరికాడు, ఈసారి కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్‌లో.

తప్పు మాది. ఒక నెలకు సరిపడా మాత్రలు కవరులో పెట్టి, కవరు మీద ఉదయం ఒకటి, రాత్రి రెండు అని తెలుగులో రాసి ఇచ్చాము. ఆ ఇంట్లో తెలుగు చదివేవారు లేరు. నెల తర్వాత రమ్మన్నాము. రావాలంటే ఒక పూట అడవి దారిన నడిచి, తర్వాత రెండు బస్సులు మారాలి, ఇద్దరి కూలీ పోతుంది. మాత్రలు మొదలుపెట్టిన రెండో వారం అతని మెడ ఒక పక్కకు లాగింది, నోటినుంచి చొంగ కారింది. ఈ మందులతో కొందరికి అలా అవుతుంది. ఒక ఇంజక్షనుతో అరగంటలో తగ్గుతుంది. తర్వాత ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర ఇస్తే సరిపోతుంది. ఇది ముందే చెప్పి ఉండవలసింది. మేము చెప్పలేదు. దెయ్యం మెడ తిప్పుతున్నదని వాళ్లు భయపడి మాత్రలు వాగులో పారేశారు. ఊళ్లోవారు మరొక విధంగా భయపడ్డారు. చచ్చిపోయినవాడు తిరిగి వచ్చాడని పిల్లలను అతని దగ్గరికి పోనిచ్చేవారు కాదట.

మార్కు సువార్త 5వ అధ్యాయంలో సమాధుల మధ్య తిరుగుతూ, సంకెళ్లు తెంచుకునే మనిషి సంగతి మీకందరికీ తెలుసు. ఆ భాగాన్ని ఎన్నోసార్లు చదివినా, ఆ ఏడాదివరకు మేము ఒక విషయం గమనించలేదు. అతనికి స్వస్థత కలిగి, బట్టలు కట్టుకొని, స్థిరచిత్తుడై కూర్చున్నప్పుడే ఊరివారు భయపడ్డారు. ప్రభువు వెంట పడవలో వస్తానని అతను బతిమాలితే ప్రభువు ఒప్పుకోలేదు, ఇంటివారి దగ్గరికి పొమ్మన్నాడు. మనం సాధారణంగా సంకెళ్లు తెగడం దగ్గర ఆపి ప్రసంగిస్తాము.

ఇంటివారిని కలుపుకోకుండా ఈ వైద్యం సాగదని మనకన్నా ముందు గుర్తించినవారు మన దేశంలోనే ఉన్నారు. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేసి ఉంచారు. 1957లో వెల్లూరు మిషన్ ఆసుపత్రిలో డాక్టర్ ఫ్లోరెన్స్ నికల్స్ మొదలుపెట్టిన మానసిక వైద్య కేంద్రంలో కుటుంబ సభ్యులు రోగి వెంటే ఉండి, వండిపెట్టుకుంటూ, జబ్బు గురించి నేర్చుకుంటారు. ఇంకా వెనక్కు పోతే, బెల్జియం దేశంలోని గీల్ అనే పట్టణంలో సెయింట్ డింఫ్నా గుడికి వచ్చే రోగులను 13వ శతాబ్దం నుంచే అక్కడి మామూలు రైతు కుటుంబాలు ఇళ్లలో పెట్టుకొని, పొలం పనుల్లో కలుపుకొని సాకుతూ వచ్చాయి. ఆ అలవాటు నేటికీ ఉంది.

రోడ్డున పడ్డవారిని ఇంటికి చేర్చడమే పనిగా పెట్టుకున్నవారూ ఉన్నారు. మహారాష్ట్రలోని కర్జత్‌లో డాక్టర్ భరత్ వట్వానీగారి శ్రద్ధ సంస్థ వీధుల్లో తిరిగే మానసిక రోగులకు వైద్యం చేసి, ఊరు చెప్పగలిగిన తర్వాత స్వయంగా తోడు వెళ్లి దింపివస్తుంది. వారికి 2018లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. మన ఖమ్మంలో అన్నం శ్రీనివాసరావుగారి అన్నం సేవా ఫౌండేషన్ వారు మతిస్థిమితం లేక తిరిగే అనాథలను చేరదీసి, కోలుకున్నవారిని వారి కుటుంబాలకు అప్పగిస్తున్నారు.

రెండోసారి తమ్ముడు వచ్చినప్పుడు మేము తల్లినీ పిలిపించాము. పద్దెనిమిది రోజులు ఆమె వార్డులోనే ఉంది. మాత్రల రంగు చూపి, పగటిదానికి కవరు మీద సూర్యుణ్ణి, రాత్రిదానికి చంద్రుణ్ణి గీశాము. మెడ లాగితే ఏ మాత్ర వేయాలో ఆమె చేతే మూడుసార్లు చెప్పించాము. రోజూ మాత్ర కష్టమని తమ్ముడే అన్నాడు. మూడు నాలుగు వారాలకొకసారి తుంటికి వేసే ఇంజక్షను ఉంది, వేయించుకుంటావా అని అడిగితే ఒప్పుకున్నాడు. అతణ్ణి అడగడం ముఖ్యం. మత్తుగా పడుకోబెట్టే మందు అనుకొని దొంగతనంగా పొడిపించమనే బంధువులు చాలామంది.

ఇంజక్షను ఎక్కడ వేయాలన్నది పెద్ద సమస్య అయింది. దాన్ని తీర్చింది డాక్టరు కాదు, మేనమామ. "ఆసుపత్రికి రాలేం గానీ సంతకు ఎట్లాగూ వస్తాం గదా" అన్నాడు. ఉప్పు, మిరపకాయ, బట్ట కొనడానికి, ఇప్పపువ్వు, చింతపండు, విస్తరాకులు అమ్మడానికి సరిహద్దు సంతకు వాళ్లు వారం తప్పకుండా వస్తారు. అప్పటినుంచి నెలకొక సంత రోజున మా నర్సు ఒకరు అక్కడి చర్చి వసారాలో బల్ల వేసుకొని కూర్చుంటుంది. మొదట్లో తమ్ముడొక్కడే వచ్చేవాడు. తర్వాత మూర్ఛ జబ్బువాళ్లు, కాన్పు తర్వాత మతి చెదిరిన ఒక తల్లి, తాగుడు మానాలనుకునేవారు రావడం మొదలైంది. లాక్‌డౌన్‌లో సంత మూతపడ్డప్పుడు ఇంజక్షను బదులు మాత్రలు ఆశా కార్యకర్తల చేతులు మారుతూ వెళ్లాయి.

ఊరిని సిద్ధం చేయడం మందు కన్నా కష్టం. మాతో పాస్టరుగారు ఆ ఊరు వెళ్లారు. ఊరి పెద్ద, వడ్డె, మహిళా సంఘం వాళ్లు చెట్టుకింద కూర్చున్నారు. వడ్డెను తప్పించి పని చేయాలని మాలో కొందరికి ఉండేది. ఆయమ్మ ఒప్పుకోలేదు. "ఆయన కాదంటే ఊళ్లో ఎవరూ మాత్ర మింగనివ్వరు" అన్నది. చివరికి ఆయన తన పూజ తాను చేసుకున్నాడు, మాత్ర ఆపమని మాత్రం చెప్పలేదు. మన ప్రార్థన కూటాలవారికీ ఇదే మా విన్నపం. రోగికోసం చేతులుంచి ప్రార్థించండి, ఉపవాసముండండి. "విశ్వాసముంటే మాత్ర ఎందుకు" అని మాత్రం అనవద్దు. ఆ ఒక్క మాటతో తిరగబెట్టి వచ్చినవారిని మేము ఏటా చూస్తున్నాము.

గొలుసుల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడి దర్గా దగ్గర ఒక ప్రైవేటు ఆశ్రమంలో నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టివేయబడిన రోగులు పారిపోలేక 28 మంది కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టరాదని చెబుతుంది. అదే చట్టం ప్రకారం, మతి చెదిరి తనను తాను చూసుకోలేక తిరుగుతున్న మనిషిని పోలీసులు రక్షణలోకి తీసుకొని 24 గంటల లోపు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు, ఇల్లు తెలియనివారి విషయంలో కేసు నమోదు చేసి కుటుంబాన్ని వెతకాలి. మీ ఊరి బస్టాండులో అలాంటి మనిషి కనబడితే రాయి విసిరే పిల్లలను ఆపండి, మంచినీళ్లు ఇవ్వండి, స్టేషనుకు ఫోను చేసి ఈ చట్టం మాట చెప్పండి. ఏం చేయాలో తోచకపోతే 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ టెలి మానస్ సేవ ఉచితం, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు.

తమ్ముడి ఊళ్లో మహిళా సంఘం వాళ్లు అతనికి పని ఇప్పించారు. మొదట ఊరివారు ఇచ్చిన పని రాత్రి చేను కావలి. అందరూ ఒప్పుకున్నారు, తల్లి ఒప్పుకోలేదు. వార్డులో ఆమెకు చెప్పిన మాటల్లో ఒకటి గట్టిగా పట్టుకుంది. నిద్ర చెడితే ఈ జబ్బు తిరగబెడుతుంది. రాత్రి కావలి వద్దని, పగలు మేకలు తోలే పని అడిగింది. వేసవిలో వెంట నీళ్ల సొరకాయ ఉండాలని కూడా మేము చెప్పాము. కొత్తగూడెం, భద్రాచలం ఎండల్లో ఈ మందులు వాడేవారికి వడదెబ్బ తొందరగా తగులుతుంది. లిథియం వాడేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. చెమట ఎక్కువై ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో ఆ మందు పెరిగి విషమవుతుంది. వాంతులు, విరేచనాలు, వణుకు, తూలడం కనబడితే మాత్ర ఆపి వెంటనే రావాలి.

అంతా సాఫీగా జరిగిందనుకోవద్దు. 2021 ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలే రోజుల్లో తమ్ముడు మళ్లీ తాగాడు. పండగకు అందరూ తాగుతారు, పెద్దలకు పోస్తారు. కోయ ఇళ్లలో ఇప్పసారా ఒట్టి మత్తు పదార్థం కాదు, ఆచారం. అతనొక్కణ్ణి వద్దనడం పంక్తిలోంచి లేపినట్టు అవుతుంది. మూడు రోజులకు గొంతులు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి మాత్రం మేనమామ నాలుగో రోజునే మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకొని తెచ్చాడు. పది రోజుల్లో తిరిగి వెళ్లాడు. తాగుడు మాని మళ్లీ తాగినవాణ్ణి "వీడింతే" అని వదిలేయడం మన అలవాటు. షుగరు పెరిగిన మనిషిని అలా వదిలేస్తామా? 2019లో కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ వారు వెలువరించిన సర్వేలో మద్యానికి పూర్తిగా బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సహాయం అందిందని తేలింది. తిరిగి వచ్చినవాణ్ణి కసురుకుంటే ఆ ఒక్కడు కూడా రాడు.

అందరికీ ఇంటి గుమ్మం తెరుచుకోదు కూడా. మా వార్డులో కోలుకున్న ఒక స్త్రీని పుట్టింటివారు, అత్తింటివారు ఇద్దరూ వద్దన్నారు. ఆడమనిషి కొన్నాళ్లు రోడ్డు మీద ఉంటే చాలు, ఆమె జబ్బు కన్నా ఆమె గురించిన మాటలే పెద్దవవుతాయి. చెన్నైలో 1993లో మొదలైన బాన్యన్ సంస్థ వారు 2015 నుంచి, ఇలా వెళ్లడానికి చోటు లేనివారిని నలుగురైదుగురిని కలిపి మామూలు వీధిలో అద్దె ఇంట్లో కాపురం పెట్టిస్తున్నారు. మాకు అంత శక్తి లేదు. మా సంఘంలోని ఒక విధవరాలు తన ఇంట్లో ఒక గది ఇచ్చింది. ఇద్దరూ కలిసి వండుకుంటారు. ఎవరి గ్యాసు ఎక్కువ అయిందని పోట్లాడుకుంటారు. సదరం శిబిరంలో సర్టిఫికెట్ తీయించి పింఛను పెట్టించాము. మానసిక జబ్బువల్ల వచ్చే వైకల్యానికీ వికలాంగుల పింఛను ఉందని చాలామందికి తెలియదు. తెలంగాణలో ఆ మొత్తాన్ని 2023లో 4,016 రూపాయలకు పెంచారు. చేతిలో ఆ డబ్బు ఉన్న రోజునుంచి ఆమెను చూసే చూపు మారింది. పుట్టింటినుంచి అన్న కూడా ఒకసారి వచ్చి చూసిపోయాడు.

పోయిన నెల సంతకు తమ్ముడు రాలేదు. తల్లి ఒక్కతే వచ్చింది. గుంపుతో కలిసి మిరప కోతలకు వెళ్లాడట, ఇన్నేళ్లలో మొదటిసారి. తాను వద్దన్నానని, ఎడ్లు కొనాలి, కూలీ ఎక్కువ వస్తుందని పట్టుబట్టి వెళ్లాడని చెప్పింది. అతను తప్పిపోయింది ఆ మిరప తోటల్లోనే. ఆమె ముఖం చూసి మాకూ గుండె దడ పుట్టింది. చొక్కా జేబులో మా కార్డు ఉందని, మేస్త్రీకి ఇంజక్షను తేదీ చెప్పానని, రాత్రి మాత్రలు విడిగా మూట కట్టి ఇచ్చానని ఆమె చెప్పింది. మేము మేస్త్రీకి ఫోను చేశాము. గుంపు వైరా వైపు ఒక తోటలో ఉంది. పనిలో ఉన్నాడు, రాత్రి పెందలాడే పడుకుంటున్నాడు, తాగేవాళ్ల గుడిసెలో కాకుండా ఆడవాళ్ల వంటపొయ్యి దగ్గర పడుకుంటున్నాడు అని మేస్త్రీ చెప్పాడు. ఇంజక్షను గడువు 14వ తేదీ. అక్కడికి దగ్గరి ఆరోగ్య కేంద్రం నర్సుతో మాట్లాడి ఉంచాము. ఆ రోజు సాయంత్రం ఆమె మాకు ఫోను చేస్తానన్నది.